బర్రె ఎంబ్రియోలు 8 కణాల కాడ ఆగిపోతున్నయా? కల్చర్ కండిషన్లు ఇట్ల సరిచేసుకోండి

మామునూరు, కోరుట్ల వెటర్నరీ కాలేజీల్లో చదివే పిల్లలు, కాకతీయ యూనివర్సిటీల జువాలజీ చదివి ఏదన్నా ల్యాబుల చేరినోళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, "అక్కా, ఏ మీడియా వాడితే బ్లాస్టోసిస్టులు పెరుగుతయ్?" అని. (మీడియా అంటే ఎంబ్రియోని డిష్ ల పెంచే పోషక ద్రవం, అట్ల పెంచుడే కల్చర్, బ్లాస్టోసిస్టు అంటే వారానికి మధ్యల ఖాళీ ఏర్పడిన ఎంబ్రియో.) నేను చెప్పేది కూడా ఒకటే, మీడియాని ఇప్పుడే ముట్టుకోకండి. చిన్న ల్యాబుల్లో ఎంబ్రియోలు చచ్చేది మీడియా రెసిపీ వల్ల తక్కువ, ఆ మీడియా చుట్టూ ఉన్నవాటి వల్ల ఎక్కువ, అంటే వేడి, గ్యాస్, నూనె, గాలి, మన చేతులు. అర డిగ్రీ తేడా, కొంచెం పీహెచ్ తేడా, రెండు నిమిషాలు ఎక్కువ బయట ఉంచుడు, వీటిల్ల ఏ ఒక్కటీ ఒంటరిగా ఎంబ్రియోని చంపదు, కానీ అన్నీ కలిసి ఒకేదాని మీద పడితే అది తట్టుకోలేదు, ఎందుకంటే తల్లి కడుపుల ఉన్నప్పుడు ఇవన్నీ తల్లే చూసుకుంటది, డిష్ ల దానికి మనం తప్ప దిక్కు లేదు.

ఇక్కడ రాసేదంతా బర్రె ఎంబ్రియోల గురించి, కబేళా నుంచి తెచ్చిన అండాశయాల్లోని గుడ్లతో చేసే పని. ఆవు, గొర్రె, ఎలుక ఎంబ్రియోలకి కూడా లెక్క చాలావరకు ఇదే, అంకెలు కొంచెం మారుతయ్ అంతే. మనుషుల ఎంబ్రియోల సంగతి వేరు, అది 2021 ఏఆర్‌టీ (సంతాన సాఫల్య పద్ధతుల) చట్టం కింద రిజిస్టరైన క్లినిక్కుల పని, ఇట్ల చూసి అక్కడ ప్రయోగం చేయొద్దు. మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ పర్మిషన్ చేతికొచ్చినంకనే అండాశయాలు తెచ్చుకోండి.

మొదటి పని, రిజిస్టర్ తెరవండి. ఏం మార్చకముందే కనీసం నాలుగైదు రన్నులు (గుడ్ల నుంచి బ్లాస్టోసిస్టుల దాకా ఒక్కో విడత) ఉన్నది ఉన్నట్టుగా చేసి మూడు అంకెలు రాయండి: ఎన్ని గుడ్లు పెట్టిన్రు, ఐవీఎఫ్ (డిష్ ల గుడ్డుని, సీమెన్ ని కలుపుడు) అయిన 48 గంటలకి ఎన్ని చీలినయ్ (అంటే ఒకటి కంటే ఎక్కువ కణాలు అయినయ్), 7వ రోజుకి ఎన్ని బ్లాస్టోసిస్టులు అయినయ్. దాంతోపాటు మూడో రోజు 8 కణాలు దాటినవి ఎన్నో కూడా రాస్తే ఇంకా మంచిది. బర్రె ఎంబ్రియో ఆవు కంటే కొంచెం ముందే నడుస్తది, 6వ రోజు సాయంత్రానికే కొన్ని బ్లాస్టోసిస్టులు కనపడతయ్, ఆవు పేపర్ల టైం పట్టుకుని 8వ రోజు చూస్తే మీకు దొరికేవి అప్పటికే పొర చీల్చుకుని బయటికొచ్చినవో, ముడుచుకుపోయినవో అయ్యి లెక్క తప్పుతది.

ఈ అంకెలే మీకు రోగం ఎక్కడుందో చెప్తయ్. గుడ్లు అసలు చీలకపోతే కల్చర్ ని తిట్టొద్దు, గుడ్డు మెచ్యూర్ కాలేదు లేకుంటే సీమెన్ బాగలేదు. వేరే బుల్ (దున్న) సీమెన్ స్ట్రా పెట్టి చూడండి, అది కూడా తేలకపోతే అదే గుడ్లల్ల కొన్నిటిని సీమెన్ లేకుండా అయోనోమైసిన్, 6-డీఎంఏపీ అనే రసాయనాలతోని యాక్టివేట్ చేసి చూడండి, అవి మంచిగ చీలితే తప్పు సీమెన్ ది. మంచిగ చీలి, 8-16 కణాల కాడ వరుసగా ఆగిపోతుంటే మాత్రం అది ఎక్కువసార్లు కల్చర్ దోషమే. అప్పటిదాకా ఎంబ్రియో తల్లి గుడ్డులో కట్టిపెట్టిన సద్దిమూట మీదనే బతుకుతది, బర్రెకి, ఆవుకి ఆ 8-16 కణాల స్టేజ్ లనే సొంత జీన్లు పని మొదలుపెట్టాలె (ఎలుకకైతే 2 కణాలప్పుడే, మనిషికి 4-8 కణాలప్పుడు), సద్ది అయిపోయి సొంత పొయ్యి ఇంకా అంటుకోని ఆ సమయంలనే మనం పెట్టిన కష్టమంతా బయటపడతది. ఎలుకల కూడా ఇదే కథ జరిగింది, చాలా జాతుల ఎలుక ఎంబ్రియోలు 2 కణాల కాడ ఆగిపోతుంటే అది ఎంబ్రియో స్వభావమేమో అనుకున్నరు ఏండ్ల తరబడి, తీరా చూస్తే మీడియా, కండిషన్లు సరిచేసినంక అవే ఎంబ్రియోలు దాటుకుని పోయినయ్. అందుకే "మా బర్రెలే అంత" అని ఎవరన్నా అంటే నాకు బాధ అయితది.

ఇంకొకటి, మన ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్ల ఇక్కడ ఎండకి బర్రె ఎంత అల్లాడిపోతదో మీకు తెల్సు, చెరువుల నుంచి లేవదు, అప్పటి గుడ్డు చలికాలం గుడ్డు అంత గట్టిగ ఉండదు. మే నెల రిజల్టుని డిసెంబర్ రిజల్టుతో పోల్చి "కొత్త మీడియా ఫెయిల్" అని రాసేయకండి. పోల్చాలంటే అదే రోజు, అవే గుడ్లు, రెండు భాగాలు చేసి పోల్చండి.

గుడ్ల కాడ నేను ఎక్కువ ఆగను. అండాశయాలు 30-35 డిగ్రీల సెలైన్ ల, జెంటామైసిన్ వేసి థర్మస్ ల తేవాలె, నాలుగు గంటల లోపల ల్యాబుకి చేరాలె, ఐస్ ల పెట్టొద్దు. 2 నుంచి 8 ఎంఎం ఫాలికిల్స్ (అండాశయం మీద గుడ్డు ఉండే నీటి బుడగలు) నుంచే తీయాలె, చుట్టూ క్యుములస్ (గుడ్డుని చుట్టుకుని ఉండే కణాల) పొరలు నిండుగ ఉండి లోపల ఒకే తీరుగ ఉన్నవే ఏరుకోవాలె. బర్రె అండాశయంల గుడ్లు తక్కువే వస్తయ్, తక్కువ వచ్చినయని చెత్తవి కూడా కలిపితే మీ అంకెలు మిమ్మల్నే మోసం చేస్తయ్. మెచ్యురేషన్ మీడియాల (గుడ్డుని ముదరబెట్టే ద్రవంల) సిస్టియామిన్ 50 మైక్రోమోలార్ వేసి చూడండి, బర్రె గుడ్డుల కొవ్వు ఎక్కువ, నల్లగ కనిపించేది అందుకే, ఆ కొవ్వు వల్ల ఆక్సిజన్ దెబ్బ దానికి తొందరగా తగులుతది, సిస్టియామిన్ గుడ్డు లోపల గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థాన్ని పెంచి కాపాడుతది.

ఇప్పుడు అసలు పని, వేడి. ఇంక్యుబేటర్ ముందు పక్క స్క్రీన్ మీద 38.5 అని కనపడుతుంది కదా అని వదిలేయొద్దు, ఆ అంకె సెన్సర్ ఉన్న మూలది, మీ డిష్ ఉన్న అరది కాదు. సన్నటి ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి, దాన్ని ఏటా క్యాలిబ్రేట్ చేయించండి, ఎంబ్రియోలు లేని ఒక డమ్మీ డిష్ ల మీరు రోజూ పెట్టినట్టే మీడియా డ్రాపులు, వాటి మీద నూనె పెట్టి, ప్రోబ్ కొసని ఆ డ్రాప్ లోపల ముంచి ఒక్కో అర మీద గంటసేపు ఉంచి రాసుకోండి. ఆ తర్వాత అదే డిష్ ని మైక్రోస్కోప్ కిందికి తెచ్చి వార్మ్ స్టేజ్ (వేడి చేసే పలక) మీద పెట్టి చూడండి, స్టేజ్ మీద 38.5 అని రాసే ఉంటది, డ్రాప్ ల చూస్తే రెండు డిగ్రీలు తక్కువ ఉండొచ్చు, ఎందుకంటే డిష్ అడుగుకి, స్టేజ్ కి మధ్యల సన్నటి గాలి పొర ఉంటది, పైనుంచి ఏసీ గాలి కొడుతుంటది. నేను మొదటిసారి ఇట్ల చూసిననాడు ప్రోబ్ అంకె 38.1, 37.6, 37.0 అని నా కండ్ల ముందే దిగుతుంటే, అప్పటిదాకా ఎన్ని వందల ఎంబ్రియోలని ఆ స్టేజ్ మీద పెట్టుకుని తీరుబడిగ ఫొటోలు తీసినమో గుర్తొచ్చి మస్తు బాధ అనిపించింది. స్టేజ్ సెట్టింగ్ ని డ్రాప్ లో 38.5 వచ్చేదాకా పెంచుకోండి, కానీ జాగ్రత్త, ఎండాకాలం, చలికాలం ఆ సెట్టింగ్ ఒకటే ఉండదు, నెలకోసారి మళ్ల చూడాలె, ఎక్కువ వేడి తక్కువ వేడి కంటే తొందరగా చంపుతది. ఏసీ గాలి నేరుగ హుడ్ (శుభ్రమైన గాలి వీచే పని బల్ల) మీద, స్టేజ్ మీద పడకుండ దాని రెక్కలు తిప్పండి, దీనికి పైసా ఖర్చు లేదు. మనుషుల ఐవీఎఫ్ ల్యాబుల వాడిన పాత ఇంక్యుబేటర్ తెచ్చుకున్నోళ్లు అది 37 మీద ఉందేమో చూసుకోండి.

వేడి తర్వాత పీహెచ్. మీడియాల బైకార్బొనేట్ ఉంటది, ఇంక్యుబేటర్ ల కార్బన్ డయాక్సైడ్ ఉంటది, ఈ రెండిటి తూకమే పీహెచ్. ఎస్ఓఎఫ్ (సింథటిక్ ఓవిడక్ట్ ఫ్లూయిడ్) లాంటి మీడియాల 25 మిల్లీమోలార్ బైకార్బొనేట్ ఉంటే 5 శాతం సీఓటూ దగ్గర దాదాపు 7.4 వస్తది. అదే గ్యాస్ 4 శాతానికి పడిపోతే పీహెచ్ 0.1 పైకి పోతది, 6 కి పెరిగితే 0.08 కిందికి వస్తది, అంకె చిన్నగ కనపడుతది కానీ ఈ వయసు ఎంబ్రియోకి తన లోపలి పీహెచ్ ని సరిచేసుకునే బలం ఇంకా తక్కువ. కాబట్టి టార్గెట్ గా పెట్టుకోవాల్సింది సీఓటూ అంకె కాదు, పీహెచ్ అంకె, 7.2-7.4 మధ్య ఉండాలె. చేతిల పట్టుకునే గ్యాస్ ఎనలైజర్ తోని వారానికోసారి ఇంక్యుబేటర్ గాలిని కొలవండి, కొత్త బ్యాచ్ మీడియా వచ్చినప్పుడల్లా రాత్రంతా లోపల పెట్టిన మీడియా పీహెచ్ కొలవండి, బయటికి తీసి తీరుబడిగ కొలిస్తే రెండు మూడు నిమిషాల్లనే పీహెచ్ పైకెక్కి తప్పు అంకె వస్తది, మీటర్ రెడీగ పెట్టుకుని వెంటనే కొలవాలె. కొన్నిట్ల సీఓటూ సెన్సర్ తేమ, వేడిని బట్టి మోసపోతది, తలుపు తీసి మూసిన తర్వాత అది చూపించే అంకెని నమ్మొద్దు. సముద్రమట్టం కంటే మన వరంగల్ సుమారు 270 మీటర్లు ఎత్తుల ఉంటది, దానివల్ల పీహెచ్ ల వచ్చే తేడా 0.01 ఆ చుట్టుపక్కలే, దాన్ని గురించి ఫికరు చేయనక్కరలేదు.

డిష్ ని ముందురోజు సాయంత్రమే తయారుచేసి లోపల పెట్టాలె. నూనె కింద ఉన్న డ్రాప్ కి గ్యాస్ చేరాలంటే టైం పడుతది, 12 గంటలు ఇవ్వండి. పొద్దుగాల తయారుచేసి పది గంటలకి ఎంబ్రియోలు వేస్తే అవి ఉప్పు నీళ్లల్ల కాదు, క్షారం నీళ్లల్ల పడ్డట్టే.

ఆక్సిజన్ గురించి గట్టిగ చెప్పాలె, ఎందుకంటే మన దిక్కు ఎక్కువ ల్యాబుల్ల ఇంకా మామూలు గాలిల ఉన్న 20 శాతం ఆక్సిజన్ తోనే నడుస్తున్నరు. ఆడ జంతువు అండనాళంల, గర్భంల ఆక్సిజన్ 2 నుంచి 8 శాతమే. 1972ల టెర్విట్, విట్టింగ్‌హామ్, రౌసన్ అనే ముగ్గురు గొర్రె నాళంల ఉండే ద్రవాన్ని చూసి ఎస్ఓఎఫ్ మీడియా తయారుచేసినప్పుడే 5 శాతం ఆక్సిజన్ వాడిన్రు, మనం వాళ్ల మీడియాని తీసుకున్నం, వాళ్ల గ్యాస్ ని వదిలేసినం. కొవ్వు ఎక్కువున్న బర్రె ఎంబ్రియోకి ఇది ఇంకా ఎక్కువ నష్టం. ట్రైగ్యాస్ (మూడు గ్యాసులని సరిచూసే) ఇంక్యుబేటర్, నైట్రోజన్ సిలిండర్లు కొనే స్తోమత లేకపోతే ఇంకో దారి ఉంది. గాలి చొరబడని చిన్న మాడ్యులర్ చాంబర్ ఒకటి, 5 శాతం సీఓటూ, 5 శాతం ఆక్సిజన్, మిగతా 90 నైట్రోజన్ కలిపిన ప్రీమిక్స్ సిలిండర్ ఒకటి తెచ్చుకోండి. చాంబర్ లోపల స్టెరైల్ నీళ్లున్న చిన్న ప్లేట్ పెట్టి, గ్యాస్ ని ఇంకో స్టెరైల్ నీళ్ల సీసాల నుంచి బుడగలుగ పంపి తడి చేసి, కొన్ని నిమిషాలు లోపల నింపి, క్లిప్పులు బిగించి, ఆ చాంబర్ నే మీ మామూలు ఇంక్యుబేటర్ లోపల పెట్టేయండి. మెచ్యురేషన్, ఐవీఎఫ్ రెండూ మామూలు ఆక్సిజన్ లనే చేసుకోండి, కల్చర్ మొదలైన కాన్నుంచి 5 శాతం. నైట్రోజన్ సిలిండర్ ఉన్న గది మూసేసి ఉంటే లీకైనప్పుడు వాసన రాదు, మనిషి పడిపోయేదాకా తెలియదు, గదికి గాలి ఆడేటట్టు చూసుకోండి, సాధ్యమైతే సిలిండర్ ని బయట పెట్టి పైపు లోపలికి తెచ్చుకోండి.

ఇప్పుడు నూనె. నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఇదే. నూనె కింద చిన్న చిన్న డ్రాపుల్ల ఎంబ్రియోలని పెంచే పద్ధతి 1963ల రాల్ఫ్ బ్రిన్‌స్టర్ తెచ్చిండు, అది ఆరిపోకుండ, పీహెచ్ ఎగరకుండ, వేడి దిగకుండ కాపాడుతది, కానీ డిష్ ల ఎక్కువ పరిమాణంల ఉండేది కూడా నూనెనే, దాంట్ల ఏదన్నా ఉంటే ఏడు రోజులు ఎంబ్రియోకి తాకుతనే ఉంటది. ఒక ఫిబ్రవరిల మా ల్యాబుల వందలో అరవై డెబ్బై మంచిగ చీలి, మూడో రోజు దాకా అందంగా ఉండి, నాలుగో రోజుకి అన్నీ ఆగిపోవుడు మొదలైంది. పొద్దుగాల స్కోప్ కింద చూస్తే 8 కణాలు ఉన్నయ్, కానీ నిండుగ, నున్నగ ఉండే కణాల అంచులు గరుకుగ అయ్యి, లోపల గింజలు గింజలుగ నల్లగ ముద్దకట్టి, కొన్ని కణాలు ఊడిపోయినట్టు పక్కకి జరిగి ఉన్నయ్, సాయంత్రం మళ్ల చూసిన, అట్లనే ఉన్నయ్, మర్నాడు కూడా అట్లనే. మీడియా మార్చినం, బీఎస్ఏ (ఆవు సీరం ప్రోటీన్) మార్చినం, బుల్ మార్చినం, ఇంక్యుబేటర్ కడిగినం, ఆరు వారాలు పోయినయ్. చివరికి ఒకే రోజు గుడ్లని రెండు భాగాలు చేసి, అన్నీ ఒకటే ఉంచి, ఒక భాగానికి వాడుతున్న నూనె, ఇంకో భాగానికి సీల్ తీయని కొత్త సీసా నూనె వేసినం. కొత్త నూనె కింద బ్లాస్టోసిస్టులు వచ్చినయ్, పాతదాని కింద ఒక్కటి కూడా రాలేదు. పాత సీసా ఎక్కడుందో చూస్తే, కిటికీ పక్క షెల్ఫ్ మీద, తెల్ల సీసాల, మధ్యాహ్నం ఎండ నేరుగ దాని మీదనే పడుతుంది. వెలుతురికి, వేడికి నూనెల పెరాక్సైడ్లు పుడతయ్, కంటికి నూనె ఏం మారదు, వాసన కూడా రాదు.

అందుకే, ఎంబ్రియోకి టెస్ట్ చేసిన లైట్ మినరల్ ఆయిల్ నే కొనండి, చిన్న సీసాలు కొనండి, చీకట్ల, చల్లగ పెట్టండి, తెరిచిన తారీఖు సీసా మీద రాయండి, లాట్ (తయారీ బ్యాచ్) నంబర్ రిజిస్టర్ ల రాయండి. కొత్త లాట్ వచ్చిందంటే పాతది అయిపోకముందే పక్కపక్కన పెట్టి టెస్ట్ చేయండి. ఎలుక ఎంబ్రియో టెస్ట్ చేసే సౌకర్యం లేకుంటే స్పెర్మ్ తోని చేయొచ్చు, కడిగిన స్పెర్మ్ ని రెండు నూనెల కింద డ్రాపుల్ల పెట్టి కొన్ని గంటలకోసారి కదలిక చూడండి, ఒకదాని కింద తొందరగా చచ్చిపోతుంటే ఆ లాట్ ని పక్కన పెట్టేయండి. కడగని నూనె అయితే కొంచెం స్టెరైల్ మీడియా పోసి మెల్లగ కలిపి రాత్రంతా విడిపోనియ్యాలె, కానీ ఎండల పాడైన నూనెని కడిగి బాగుచేస్తమనుకోవద్దు, పారబోయండి.

డ్రాపులు పెట్టే విధానం మీద కూడా కొంచెం ఓపిక పట్టండి. మీడియా ఉప్పు బరువు, అంటే ఆస్మోలాలిటీ, 270-280 మిల్లీఆస్మోల్ చుట్టూ ఉండాలె, ఆస్మోమీటర్ లేకపోతే దగ్గర్లో పెద్ద ఆస్పత్రి ల్యాబుల అడిగి అయినా బ్యాచ్ కి ఒకసారి కొలిపించుకోండి. కానీ సీసాల సరిగ ఉన్న మీడియా డిష్ ల పాడైతది, ఎట్లంటే, 20 మైక్రోలీటర్ల డ్రాప్ ల నుంచి ఒక్క మైక్రోలీటర్ నీళ్లు ఆరిపోయినా 275 ఉన్నది 289 అయితది. మన ఏప్రిల్ గాలి ఎట్లుంటదో తెల్సు కదా, ఉతికి ఆరేసిన బట్ట గంటల కడకలాడుతది, ఆ పొడి గాలిల, ఫ్యాన్ నడిచే హుడ్ కింద, వేడి స్టేజ్ మీద ఇరవై డ్రాపులు వరుసగా పెట్టి తర్వాత నూనె పోస్తే మొదటి డ్రాప్ కి, చివరి డ్రాప్ కి మీడియా వేరే వేరే అయిపోయినట్టే. వార్మ్ స్టేజ్ మీద కాకుండ చల్లటి బల్ల మీద పెట్టండి, ఆ కాసేపు హుడ్ ఫ్యాన్ ఆపండి లేకుంటే తగ్గించండి, నాలుగైదు డ్రాపులు పెట్టంగనే నూనె పోయండి. నేనైతే మొదట చిన్న డ్రాపులు పెట్టి, నూనె పోసి, ఆ చిన్న డ్రాపుల్ల మీడియా తీసేసి నూనె కిందనే కొత్త మీడియా నింపుత, పని రెండింతలు, కానీ ఆరుడు అనే సమస్యనే ఉండదు. 50 మైక్రోలీటర్ల డ్రాప్ కి 20-25 ఎంబ్రియోలు వేయండి, ఒక్కొక్కదాన్ని విడిగ పెంచితే బర్రె ఎంబ్రియో సరిగ ఎదగదు, అవి ఒకదానికొకటి తోడు, విడుదల చేసే పదార్థాలు పక్కదానికి పనికొస్తయ్. అట్లని 5 ఎంబ్రియోలని పెద్ద డ్రాప్ ల వేసినా లాభం లేదు, పలచబడిపోతది.

ఇంత చూసుకున్నంకనే మీడియా దగ్గరికి రండి. నీళ్లు 18.2 మెగాఓమ్ వచ్చే మెషిన్ వే వాడాలె, బోరు నీళ్లు కాచి వడపోసి డిస్టిల్ చేసిన అని ఒప్పుకోవద్దు. ఎస్ఓఎఫ్ ల బీఎంఈ ఎసెన్షియల్ అమైనో యాసిడ్లు 2 శాతం, ఎంఈఎం నాన్ ఎసెన్షియల్ 1 శాతం, కొవ్వు తీసిన బీఎస్ఏ మిల్లీలీటర్ కి 4-8 మిల్లీగ్రాములు, ఇది చాలామంది వాడేదే. గ్లూటమైన్ నేరుగ వేస్తే వెచ్చటి ఇంక్యుబేటర్ ల అది విరిగి అమ్మోనియా వస్తది, దాని బదులు అలనైల్-గ్లూటమైన్ వేయండి, అది నిలబడుతది. చిన్న ఎంబ్రియోకి పైరువేట్, లాక్టేట్ ఇష్టం, గ్లూకోజ్ ని అది ముద్దగ గట్టిపడినంకనే బాగ వాడుకుంటది, అందుకని మూడో రోజు మీడియా మారుస్తరు, మార్చకుండ ఒకే మీడియాల నడిపేటోళ్లు కూడా ఉన్నరు, రెండిటిల ఏది చేసినా అమ్మోనియా పేరుకోకుండ చూసుకుంటే చాలు. సీరం వేస్తే బ్లాస్టోసిస్టులు తొందరగా, ఎక్కువ కనపడుతయ్, నిజమే, కానీ ఆవుల్ల, గొర్రెల్ల సీరం కల్చర్ నుంచి పుట్టిన పిల్లలు మామూలు కంటే పెద్దగ పుట్టి ఈనుడు కష్టమైన సంగతి అందరికీ తెల్సు, రిజిస్టర్ ల అంకె పెంచుకోవడానికి సీరం వేయకండి. తయారుచేసిన మీడియా ఫ్రిజ్ ల రెండు వారాలు దాటొద్దు, ఫిల్టర్ చేసేటప్పుడు మొదటి కొంచెం పారబోయండి, ఫిల్టర్ పొరల ఉన్నది దాంట్లకే దిగుతది.

చేతులు. ఇంక్యుబేటర్ తలుపు రోజుకి రెండుసార్ల కంటే ఎక్కువ తీయొద్దని తలుపు మీదనే కాగితం అంటించండి, చూడాలనిపిస్తది, నాకు తెల్సు, నేను కూడా చూస్త, కానీ 1, 2, 3, 5, 7 రోజుల్ల చూసి మిగతా రోజులు ముట్టకుండ ఉంటేనే మంచిది. వీలైతే ఎంబ్రియోలకి చిన్న ఇంక్యుబేటర్ వేరేగ, మీడియా వెచ్చచేసుకునేది వేరేగ పెట్టండి. డిష్ బయటున్న టైం రిజిస్టర్ ల రాయండి, నాలుగు నిమిషాలు దాటితే ఎందుకు దాటిందో కూడా రాయండి. బయట కడగడం, క్యుములస్ తీయడం లాంటి పనులు హెపెస్ (బయటి గాలిల కూడా పీహెచ్ ని నిలబెట్టే పదార్థం) ఉన్న మీడియాలనే చేయాలె. మైక్రోస్కోప్ లైట్ ని కనపడేంత తక్కువకి తగ్గించి, నీలం కాంతి పోయేటట్టు ఫిల్టర్ పెట్టండి.

గాలి గురించి. ల్యాబుకి వచ్చే ముందు అత్తర్లు, బాడీ స్ప్రే, నెయిల్ పాలిష్ వద్దు, తల్ల మల్లెపూలు పెట్టుకుని రావొద్దు, ఇది మా ఆడపిల్లలకి చెప్పాలంటే నాకే మనసొప్పదు కానీ తప్పదు. గదిల ఫినాయిల్, అగర్బత్తి, దోమల లిక్విడ్ వద్దు, స్పిరిట్ కొట్టిన చేతులు పూర్తిగ ఆరినంకనే తలుపు తీయాలె. పక్క గదికి పెయింట్ వేస్తున్నరంటే ఆ నెల రన్ పెట్టకండి. కొత్త ఇంక్యుబేటర్ వస్తే ఖాళీగ నడిపించి ప్లాస్టిక్ వాసన పోనియ్యండి, కొత్త డిష్ ల ప్యాకెట్లని ముందే విప్పి శుభ్రమైన గాలిల ఉంచండి. ఏనుమాముల మార్కెట్ దిక్కు ఉన్నోళ్లకి మిర్చి సీజన్ ల గాలి పీలిస్తేనే తుమ్ములు వస్తయ్, మిర్చి ఘాటు ఎంబ్రియోని చంపుతదని నేను చెప్పట్లేదు, ముక్కుకి తెలిసే గాలి మీ గదిలకి వస్తుందంటే ముక్కుకి తెలియని ఆవిర్లు కూడా అదే సందుల నుంచి వస్తున్నట్టు. కిటికీ సందులు మూసి, ఏసీకి కార్బన్ ఫిల్టర్ పెట్టి, టైం కి మార్చండి.

కరెంట్ సంగతి అందరికీ తెలిసిందే. మేలో గాలిదుమారం వచ్చి కరెంట్ పోయి, జనరేటర్ ఎక్కేలోపు ఆ పది సెకన్లల్ల కొన్ని ఇంక్యుబేటర్లు రీసెట్ అయ్యి సీఓటూ అంకె మళ్ల మొదటినుంచి వెతుక్కుంటయ్, తిరిగి కుదుటపడేదాకా ఎంబ్రియో గాలిలనే ఉంటది. ఇంక్యుబేటర్ కి విడిగ ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టండి, ఏసీకి, ఫ్రిజ్ కి కలిపి కాదు. గ్యాస్ సిలిండర్ రెండోది ఎప్పుడూ నిండుగ పక్కన ఉండాలె, శనివారం సాయంత్రం గేజ్ చూడకుండ ఇంటికి పోవద్దు, ఆదివారం సిలిండర్ తెచ్చిచ్చేటోడు దొరకడు.

ఏదన్నా మార్చి చూడాలనుకున్నప్పుడు ఒక్కటే మార్చండి. గుడ్లన్నిటినీ ఒకే గిన్నెల కలిపి, చూడకుండ రెండు భాగాలు చేసి, ఒకటి పాత పద్ధతి, ఒకటి కొత్త పద్ధతి, ఇట్ల వేరే వేరే రోజుల్ల కనీసం మూడుసార్లు. ఒక్క రన్ ల 20 శాతం నుంచి 30 వచ్చిందని సంబరపడకండి, ఆ తేడా నిజమని నమ్మకంగ చెప్పాలంటే ఒక్కో భాగంల 290 దాకా గుడ్లు కావాలె, బర్రె గుడ్లతో అన్ని పోగుచేయడానికి నెలలు పడుతది, పట్టనియ్యండి. 1990ల కర్నాల్ ఎన్‌డీఆర్‌ఐల (జాతీయ పాడి పరిశోధన సంస్థ) ప్రథమ్ అనే బర్రె దూడ ఐవీఎఫ్ తోని పుట్టింది, అప్పటినుంచి ఇన్నేండ్లయినా, మంచి చేతుల్ల కూడా బర్రె గుడ్లు వందలో ఇరవై ముప్పై బ్లాస్టోసిస్టులు అయితే మంచి రిజల్టే, ఆవు అంకెలు చూసి మీ మీద మీరు నమ్మకం పోగొట్టుకోవద్దు.

7వ రోజు పొద్దుగాల డిష్ తీసినప్పుడు, లెక్కపెట్టడంతోనే ఆపకండి. మంచి బ్లాస్టోసిస్టుల మధ్యల ఖాళీ గది స్పష్టంగ ఉండి, ఒక పక్కన లోపలి కణాల ముద్ద గట్టిగ, దగ్గరగ, బర్రెది కాబట్టి కొంచెం నల్లగ కనపడుతది, బయటి పొర కణాలు సన్నగ పరుచుకుని ఉంటయ్. రన్ కి కొన్నిటిని హోచ్‌స్ట్ 33342 రంగు వేసి ఫ్లోరోసెంట్ స్కోప్ కింద కణాలు లెక్కపెట్టండి, నీలం చుక్కలు ఒక్కోటి ఒక్కో కణం. పైకి ఒకే తీరుగ కనపడే రెండు బ్లాస్టోసిస్టుల్ల ఒకదాంట్ల వందకి పైన, ఇంకోదాంట్ల దాంట్ల సగమే ఉండొచ్చు, ఆ సగం ఉన్నదాన్ని తల్లి బర్రె కడుపుల పెడితే నిలబడే అవకాశం తక్కువ. ఆ అంకెని కూడా మీ రిజిస్టర్ ల ఆ రోజు వరుసలనే, నూనె లాట్ పక్కన, పీహెచ్ పక్కన రాయండి.